చూచువాని పద్దు

హింస చేయుట, చేయించుట, చేసినదానికి సంతోషించుట అని మన పెద్దలు మూడు విధములు చెప్పిరి. కృత, కారిత, అనుమోదితములన్నవి ఇవియే. వ్యాపారస్థులమగు మనకిది సులభముగా బోధపడును. దుకాణములో కూర్చుండువాడొకడు, పెట్టుబడి పెట్టి నడిపించువాడొకడు, చేయి కదల్పక లాభములో వాటా పుచ్చుకొనువాడు మరియొకడు. ముగ్గురి పేరను పద్దు వ్రాయవలసినదే.

1955లో జాతీయ వనమై, 1995లో పులుల రక్షితారణ్యమైన తాడోబా మన చంద్రపూరు వాకిటనే ఉన్నది. భద్రావతిలో పార్శ్వనాథస్వామిని సేవించినవారు జీపులో ఆ అడవికిని పోవుట కలదు. అచ్చట ఎలుగుబంటి గోళ్లతో చెదలపుట్టను పగులగొట్టి, మట్టిని ఊది, పురుగులను పీల్చివేయును. పిల్లలు నవ్వుదురు. త్రీంద్రియ జీవులెన్నియో నశించినవని ఎవరికిని తోచదు. అలాస్కాలోని బ్రూక్స్ జలపాతముకడ దాని బంధువైన గోధుమరంగు ఎలుగు, ఎదురెక్కి ఎగురు సాల్మన్ చేపను నోట పట్టును. 2012 నుండి ఆ దృశ్యమును కెమెరా ఇంటింటికి చేర్చుచున్నది. చేప గిలగిల కొట్టుకొనుట కనబడును గనుక మనకు జాలి కలుగును, చెదపురుగు కనబడదు. జాలికి కొలత కంటిచూపేనా?

అట్లయిన చూచుటయే పాపమా? కాదు. చేపలు తిని కొవ్వు పట్టనిచో ఆ ఎలుగు శీతకాలపు నిద్రను దాటలేదు. నేమినాథస్వామి పెండ్లివిందుకై బంధించిన పశువులను చూచి మరలిపోయెను. ఏలన, అవి తన నిమిత్తము బంధింపబడినవి. ఏటిలోని చేపను మన నిమిత్తము ఎవరును బంధింపలేదు. కాని ఒకప్పుడు మన దేశమున దూడను కట్టి, పులిని రప్పించి చూపెడివారు. దానికి సొమ్మిచ్చినవాడు కారితమునకు బాధ్యుడే. నేడు "వేట చూపించుము, బక్షీసు ఇచ్చెద"నువాడు దూడను కట్టింపకపోవచ్చును. వాటా మాత్రము ముందే అడుగుచున్నాడు.

కావున దోషము కంటిలో లేదు, కోరికలో ఉన్నది. "ఇంకొకటి పట్టిన బాగుండును" అని తలచిన క్షణముననే లాభము పుచ్చుకొంటిమి. చేపయెడ కారుణ్యమును, ఎలుగుయెడ ద్వేషములేని మాధ్యస్థ్యమును నిలుపుకొని చూచినవానికి అడవియు స్వాధ్యాయశాలయే.

మేఘకుమారుడు పూర్వజన్మమున ఏనుగై, దావాగ్నివేళ కాలిక్రింద చేరిన కుందేటికై ఎత్తిన కాలు దింపలేదు. పశుజన్మముననే అంత నిగ్రహము సాధ్యమైనపుడు, జీపులో కూర్చున్న మనము ఒక చిన్న కోరికను ఆపుకొనలేమా?

ప్రతిక్రమణమున ఏకేంద్రియములు మొదలు పంచేంద్రియముల వరకు జీవులన్నిటిని క్షమాపణ వేడుచున్నాము. అడవినుండి వచ్చిన సాయంకాలము త్రీంద్రియముల మాట వచ్చినపుడు, మనము నవ్విన ఆ చెదలపుట్టను ఒక్కమారు తలచుకొందము.