ఇంకొకరి అరుగుదల

సెకండ్‌హ్యాండ్ స్ప్లెండర్ కొన్న కొత్తవాడికి బండితోపాటు పాత యజమాని అలవాట్లు కూడా వస్తాయి. ఆయిల్ మార్చకుండా తిప్పిన వేల కిలోమీటర్లు ఇంజిన్ మోతలో వినిపిస్తాయి. హాఫ్ క్లచ్‌లో నడిపిన సంగతి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బయటపడుతుంది. చేసిందొకరు, అనుభవించేది మరొకరు. ఎవరి కర్మఫలం వారిదే కదా అని అడగవచ్చు. నిజమే, యంత్రానికి ఆత్మ లేదు, పోలికను అంతదూరం లాగకూడదు. కానీ ప్రారబ్ధం గురించి బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరులు చూపిన కుమ్మరి సారె ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. తిరగడం మొదలుపెట్టిన సారె ఆ ఊపు తగ్గేదాకా ఆగదు. ఫలమివ్వడం మొదలైన కర్మ జ్ఞానం కలిగినా అనుభవంతోనే తీరుతుంది. అరిగిన స్ప్రాకెట్ పళ్లూ అంతే, ఎంత నూనె పోసినా మళ్లీ మొలవవు. కొత్తవాడి చేతిలో ఉన్నది ఆగామి, అంటే ఇకపై చేసే కర్మ, ఒక్కటే.

మరి దసరాకు పసుపు కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించడం దేనికి? నిమ్మకాయ బ్రేకు పట్టదని హేతువాది నవ్వుతాడు, భక్తుడు నొచ్చుకుంటాడు. ఆయుధపూజలో మొదటి పని కడగడమని ఇద్దరూ మరిచిపోతారు. చైన్ కవర్ విప్పి, సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం చేత్తో మెల్లగా తిప్పితే చైన్ ఒకచోట బిగుసుకుంటుంది, ఇంకోచోట వేలాడుతుంది. మార్చాలని చెప్పే గుర్తు అదే. శ్రద్ధ అంటే మనకు విశ్వాసమూ, జాగ్రత్తా. రెండూ ఒకే మాటలో ఒదగడం ఊరికే జరిగిందనుకోను. పూజకు ఏడాదికోసారి వంగే నడుము డిప్‌స్టిక్ చూడడానికి నెలకోసారి ఎందుకు వంగదో మాత్రం నాకు అంతుపట్టదు.