వేటకుక్క, వేటడేగ: చంపింది ఎవరు?

బ్రిటన్‌లో డేగవేట సాగించేవారు కొందరు టెర్రియర్ కుక్కపిల్లను, హారిస్ డేగను ఒకే ఇంట పెంచుతారు. వేటలో వాటి పనులు వేరు. పొట్టిదైన టెర్రియర్ ముళ్ళపొదల్లోకి దూరి, వాసన పట్టి, దాగి ఉన్న కుందేలును బయటికి తరుముతుంది. వేటగాడి తోలు తొడుగు మీదో చెట్టుకొమ్మ మీదో కాచుకుని ఉన్న డేగ, కుందేలు బయటపడగానే మీదికి వాలి పట్టుకుంటుంది. తమంతట తాము జట్టు కట్టని ఈ రెండింటినీ కలిపేది మనిషే. మరి ఆ కుందేలు చావుకు కర్త ఎవరు? మతాలు, ధర్మశాస్త్రాలు ఎంతో కాలంగా తర్కించిన ప్రశ్న ఇది.

దీనికి జవాబు పెంపకంలోనే కొంత దొరుకుతుంది. హారిస్ డేగ అమెరికా నైరుతి ప్రాంతం నుంచి చిలీ, అర్జెంటీనాల దాకా కనిపించే పక్షి. డేగజాతుల్లో అరుదుగా ఇది అడవిలో గుంపుగా వేటాడుతుంది. అందుకే కుక్కను తోడుగా ఒప్పుకోవడం దీనికి కొంత తేలిక. అయినా చిన్న కుక్కపిల్ల దాని కంటికి ఎరగా కనిపించే ప్రమాదం ఉంది. మొదట్లో రెండింటి మధ్య వల అడ్డు ఉంచుతారు. తరువాత డేగను కొయ్యకు కట్టి, కుక్కపిల్లను పట్టెడతో పట్టుకుని, దూరం నుంచే ఒకదానికొకటి కనిపించేలా మేత పెడతారు. తినేటప్పుడు డేగ రెక్కలు పరిచి మాంసాన్ని కప్పుకుంటుంది. ఆ సమయంలో దాని దగ్గరికి పోకూడదని కుక్కపిల్ల నేర్చుకోవాలి. రోజులు గడిచేకొద్దీ దూరం తగ్గిస్తారు గాని, కాపలా లేకుండా రెండింటినీ ఒకచోట వదలరు.

నేర్పే తీరులోనూ తేడా ఉంది. కుక్కపిల్ల యజమాని మెప్పు కోరుకుంటుంది. గొంతు మారితే చాలు, ఆగుతుంది. డేగను కసిరి దారికి తేలేరు. దెబ్బ వేస్తే నమ్మకం చెడి ఎగిరిపోతుంది. రోజూ బరువు తూచి, ఆకలిని అదుపులో ఉంచి, పిలిస్తే చేతి మీద మాంసం దొరుకుతుందన్న నమ్మకం కలిగించడమే దానికి శిక్షణ. రెండు చోట్లా మనిషి నేర్పేది చంపడం కాదు, అది వాటి పుట్టుకలోనే ఉంది. ఎప్పుడు ఆగాలో, దేన్ని వదలాలో, ఎవరి దగ్గరికి తిరిగి రావాలో మాత్రమే నేర్పుతాడు.

పుట్టుకతో వచ్చిన గుణానికి దోషం అంటదని శిబి చక్రవర్తి కథలోని డేగ వాదిస్తుంది. పావురం తన ఆహారమని, దాన్ని తప్పిస్తే తన ప్రాణం పోతుందని అంటుంది. రాజు ఆ వాదాన్ని కాదనలేక తన మాంసాన్నే కోసి ఇస్తాడు. అడవి డేగ చెప్పుకోగల ఈ మాట పెంపుడు డేగకు పూర్తిగా అన్వయించదు. దానికి మేత మనిషి చేతిలోనే ఉంది. కనుక వేటకు కారణం దాని ఆకలి అని మాత్రమే చెప్పి ఊరుకోలేం.

ఈ ప్రశ్నను ఇస్లామిక్ ధర్మశాస్త్రం చాలా నిశితంగా పరిశీలించింది. ఖురాన్‌లోని అల్ మాయిదా సూరా 4వ ఆయత్, శిక్షణ పొందిన జంతువులు యజమాని కోసం పట్టినదాన్ని ధర్మసమ్మతంగా పేర్కొంటుంది. దేవుని పేరు తలచి వదలాలి. కుక్క పట్టినదాన్ని తానే తింటే అది తన కోసం వేటాడినట్టు. మరో కుక్క వచ్చి కలిస్తే ఆ వేట తినకూడదు, ఎందుకంటే పేరు తలచింది ఒక్క కుక్క మీదే అని ప్రవక్త మాటల సంప్రదాయమైన హదీసు చెబుతుంది. ఇస్లామిక్ ధర్మశాస్త్ర శాఖల్లో ఒకటైన హనఫీకి చెందిన 12వ శతాబ్దపు గ్రంథం 'హిదాయా' శిక్షణకు గుర్తును జంతువు స్వభావాన్ని బట్టి నిర్ణయించింది. కుక్క మూడుసార్లు తినకుండా వదలాలి. పిలిస్తే డేగ తిరిగి రావాలి. డేగ శరీరం దెబ్బలు ఓర్వదు కనుక తినవద్దని దానికి నేర్పలేరన్నది అక్కడి కారణం. సహజగుణాన్ని విడవడమే శిక్షణకు గుర్తు. వేట మనిషి పనిగా మారేది అతడి సంకల్పం వల్ల, అతడు నేర్పిన నిగ్రహం వల్ల.

సంకల్పం మనిషిదైతే దోషమూ అతడిదే అన్నది జైనుల తీర్పు. తాను చేసినది, చేయించినది, ఆమోదించినది, మూడూ కర్మకు కారణాలని తత్వార్థసూత్రం చెబుతుంది. హేమచంద్రుడి యోగశాస్త్రం కుక్క, పిల్లి వంటివాటిని ధనం కోసం పెంచడాన్నే గృహస్థు మానవలసిన వృత్తుల్లో చేర్చింది. క్రైస్తవంలో 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ మతగురువులకు వేటను నిషేధించి, అందుకోసం కుక్కలను, పక్షులను ఉంచుకోరాదని కూడా శాసించింది. మనుస్మృతి రాజు కామం వల్ల కలిగే వ్యసనాల్లో వేటను లెక్కించింది. కౌటిల్యుడు మాత్రం వేటలో వ్యాయామం, గురి, జంతువుల మనసు తెలుసుకునే నేర్పు ఉన్నాయని కొంత సమర్థించాడు. కుమావూ రాజు రుద్రదేవుడు రాసిన డేగవేట గ్రంథం 'శ్యైనికశాస్త్రం' కూడా వేటను పూర్తిగా విడవనక్కరలేదనే వాదిస్తుంది.

డేగవేటగాళ్ళ వాదనలో బలమైన మాట ఒకటుంది. డేగ మాంసాహారి, వేట మానినా దానికి కోడిపిల్లలో, కంజులో పెట్టాలి. చావు తప్పదు, చోటు మాత్రం మారుతుంది. పొలంలోని కుందేలుకు స్వేచ్ఛగా బతికిన జీవితం, తప్పించుకునే అవకాశం ఉంటాయి. ఈ మాట నిజమే. అయితే డేగను పెంచాలన్న నిర్ణయమే మనిషిది కనుక, ఆ చావుల్లో ఏదీ అతడి బాధ్యత దాటి పోదు.

చట్టం అనుమతిని మాత్రమే తేలుస్తుంది. డేగ వేటాడేందుకు వీలుగా అడవి జంతువును పొదలోంచి కుక్కతో తరమడాన్ని ఇంగ్లాండ్, వేల్స్‌లలో 2004 నాటి వేట చట్టం షరతులతో మినహాయించింది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి డేగలను పట్టడాన్నే నిషేధించింది. అనుమతి ఉన్నచోట కూడా ధర్మం ఇంకా మిగిలే ఉంటుంది. కుక్కకు, డేగకు పాపం లేదు. వాటిని కలిపి, నేర్పి, ఉసిగొల్పినవాడే కర్త. కాబట్టి పట్టుబడిన ప్రాణిని బాధలో ఉంచకుండా వెంటనే చేరుకోవడం, అడవి జంతువులు పిల్లలను సాకే కాలంలో వేట మానడం, అవసరానికి మించి పట్టకపోవడం, ముసలిదైన కుక్కను, ఇరవై ఏళ్ళకు పైగా బతకగల డేగను చివరిదాకా సాకడం అతడి విధులు. వీటికి సిద్ధపడనివాడు ఆ కుక్కపిల్లను ఇంటికి తేకపోవడమే ధర్మం.