అనధ్యయనము

వైశాఖమాసపు టెండలు ముదిరి, పరీక్షలు ముగిసి, వసతిగృహముల తలుపులకు తాళములు పడు వేళ, పెట్టె సర్దుకొని స్వగ్రామమునకు బయలుదేరు విశ్వవిద్యాలయ విద్యార్థి హృదయమున నుదయించు తొలిభావము "ఇంక రెండు నెలలు నావి" యనునది. ఈ చిన్నమాటలో నొక పెద్ద ధర్మసందేహ మిమిడియున్నది. ఆ రెండు నెలలు నిజముగా నెవరివి? విరామకాలము విద్యార్థి యథేచ్ఛగా వ్యయపఱుపదగిన సొమ్మా, లేక యెవరికో తీర్పవలసిన ఋణమా?

మన పూర్వులు చదువునకిచ్చు సెలవును అనధ్యయనమని వ్యవహరించిరి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలయందు వేదపాఠము నిలిచిపోయెడిది. ఉఱుములతో వాన కురిసినను, సుడిగాలికి దుమ్ము రేగినను, ఊరిలో శవమున్నను, చెంత రోదనధ్వని వినవచ్చినను పాఠము సాగించుట నిషిద్ధము. ఈ విశ్రాంతిని వారెంత గౌరవించిరో తెలియుటకు వాల్మీకియే సాక్షి. అశోకవనమున కృశించిన సీతను గూర్చి వానరులకు చెప్పుచు హనుమంతుడు, పాడ్యమినాడు పఠించువాని విద్యవలె నామె క్షీణించియున్నదనును. విరామ మెఱుగని విద్య చిక్కిపోవునని యాదికవి కాలమునకే లోకవిదితమన్నమాట. ఆ నిషేధములలో నన్నిటికంటె నన్ను కదలించునది రోదనధ్వనిని గూర్చినది. ఇరుగుపొరుగున నొకరు దుఃఖించుచుండగా మంత్రపాఠమైనను మౌనము వహింపవలెనను నియమమున, విద్యకంటె మానవవేదన ముందుగా వినదగినదను వివేకము కలదు.

అయినను అనధ్యయనము సోమరితనమునకు పర్యాయపదము కాదు. మనుస్మృతి ననుసరించి శ్రావణమున గాని భాద్రపదమున గాని ఉపాకర్మముతో నారంభమైన వేదాధ్యయనము నాలుగున్నర మాసములు సాగి, పుష్యమాసమున గ్రామము వెలుపల జరుగు ఉత్సర్జనముతో ముగియును. పిమ్మట విద్యార్థి గ్రంథమును మఱచి తిరుగుటకు వీలు లేదు. శుక్లపక్షములయందు వేదమును, కృష్ణపక్షములయందు వ్యాకరణ నిరుక్త జ్యోతిషాది వేదాంగములను చదువవలెను. అనగా నిత్యపాఠము తగ్గినప్పుడు, దానిని లోతుగా గ్రహించుటకు సాయపడు విద్యలకు తావు దొరకుచున్నది. మఱియు నిత్యస్వాధ్యాయమునకు అనధ్యయనము లేదని యా స్మృతియే చెప్పుచున్నది. ఆ గ్రంథమున కొన్ని విధులు వర్ణవివక్షచే మలినములైనవనుట సత్యము. వానిని త్యజించుట మన ధర్మము. కాని పాఠమునకు సెలవున్నను జిజ్ఞాసకు సెలవు లేదను సూత్రము సర్వజనులది.

నేటి సెలవులు రెండు విధముల చెడుచున్నవి. నిద్రాలస్యప్రమాదములవలన గలుగు సుఖము తామసమని భగవద్గీత నిర్ణయించినది. మధ్యాహ్నమువఱకు శయ్య వీడక, అర్ధరాత్రమువఱకు చేతిలోని ఫోను వదలక గడచు దినములన్నియు నిందు చేరును. దీనిని నిందించువారు పలువురు. రెండవదానిని నిందించువా రరుదు. తోటివాడొక ధ్రువపత్రము సంపాదించెనని తాను రెండు, వాడు రెండు శిక్షణలలో చేరెనని తాను మూడు, ఇట్లు విషయముపై ప్రేమ లేక, వెనుకబడుదునను భీతిచేతనే పరుగిడువాని సెలవు రాజసము. వృత్తిశిక్షణ మంచిదే, సంపాదనయు మంచిదే. కాని భయము నడపించిన శ్రమ మనస్సును పండింపజాలదు.

అట్లయిన సాత్త్వికమైన విరామ మెట్టిది? ఛాందోగ్యోపనిషత్తునందలి సత్యకామ జాబాలుని కథ నాకు మార్గదర్శకముగా తోచుచున్నది. తండ్రి గోత్ర మెఱుగని యా బాలుడు తల్లి చెప్పిన సత్యమును దాచక విన్నవింపగా, గౌతముడా సత్యనిష్ఠనే కులముగా గ్రహించి శిష్యునిగా స్వీకరించెను. పిమ్మట పాఠము చెప్పుటకు బదులు, బక్కచిక్కిన నాలుగువందల గోవుల నప్పగించి యడవికి పంపెను. అవి వేయి కానిదే తిరిగిరానని శిష్యుడు సంకల్పించెను. గురువు లేని యా వత్సరములలో వృషభము, అగ్ని, హంస, మద్గువను నీటిపక్షి క్రమముగా వానికి బ్రహ్మముయొక్క నాలుగు పాదములను బోధించెను. తిరిగివచ్చిన శిష్యుని ముఖతేజమును చూచి గురువు విస్మయమొందెను. శిష్యుడు మాత్రము గర్వింపక, తాము మరల బోధింపవలెనని గురువునే యర్థించెను. పశువులను మేపుట విద్యకు విఘ్నము కాలేదు, అదియే విద్య యయ్యెను. కుటుంబభారము మోయుటకై వేసవిలో కూలికో, దుకాణమునకో పోవు విద్యార్థులు మనలో ననేకులు. తమకు సెలవే లేదని వారు చింతింపనక్కఱలేదు; కన్ను తెఱచి చేసిన పని యేదైనను సత్యకాముని గోవులవంటిదే.

ఇక నవకాశము గలవారికి క్షేత్రము మఱింత విశాలము. అవ్వ నోట మాత్రమే మిగిలిన సామెతలను, నాట్లపాటలను, వ్యవసాయపు మాటలను ఆమె చెంత కూర్చుండి వ్రాసికొనుట నేటి వేదాంగాధ్యయనము. స్వగ్రామపు దేవాలయమున దుమ్ము క్రమ్మిన శాసనము నొక యక్షరమైనను పోల్చుకొనుట, పాఠ్యప్రణాళికలో లేని యొక మహాగ్రంథమును ఆద్యంతము చదువుట, వీధిలోని పిల్లలకు లెక్కలు చెప్పుట, పొలమున తండ్రితో నొక దినమంతయు గడపుట, ఇవన్నియు నట్టివే. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, వేటపాలెమున 1918లో సారస్వత నికేతనము అను గ్రంథాలయములు వెలసినవి. పరీక్ష కొఱకు కాక చదువు కొఱకే చదువుకొను జనులుందురను విశ్వాసముపైననే యవి నిలిచినవి. ఆ విశ్వాసమును నిజము చేయుటకు సెలవులకంటె తగిన కాలమేది? గాంధీజీ శతజయంతి వత్సరమైన 1969లో జాతీయ సేవా పథకము విద్యార్థిని పల్లెకు చేర్చు శిబిరములకు బాట వేసినది. శిబిరము కొలదిదినములదే యైనను, అక్కడ వినిన రోదనధ్వని జన్మాంతము చెవిలో నిలుపుకొనుట విద్యార్థి చేతిలో నున్నది.

కావున మొదటి ప్రశ్నకు నా సమాధాన మిది. ఆ రెండు నెలలు విద్యార్థివే, కాని యతనివి మాత్రమే కావు. మన పల్లెలలో వేసవి వచ్చి చెరువెండినప్పుడు, రైతులు దాని యడుగున పేరుకొన్న యొండుమట్టిని త్రవ్వి బండ్లతో పొలములకు తోలుదురు. ఆ పనిచే చెరువు లోతగును, పొలము బలియును. నీరుండగా నా పని సాగదు. ఎండిన దినములలోనే సాగవలెను. సంవత్సరమంతయు తరగతులలో నింపుకొన్నదాని యడుగున నేమి పేరుకొన్నదో త్రవ్విచూచుకొని, అందలి సారమును తనను పెంచిన యూరికి కొంతయైన తరలించిన విద్యార్థి, మృగశిరకార్తె వానలతోపాటు మరల తరగతికి చేరునప్పటికి, ఆ వాన నిలుపుకొను లోతు గలవాడై యుండును.