కీళ్ళవాతమును పాపచింతయు

తెల్లవాఱి గంట దాటినను వ్రేళ్ళు ముడువరాక, చెంబు నెత్తలేక, ‘ఏ జన్మలో చేసిన పాపమో’ యని నిట్టూర్చు కీళ్ళవాతపు రోగిని, 1936 వఱకు విశాఖపట్టణము జిల్లాలోనిదై పిదప ఒరిస్సాలో జేరిన రామనగుడ సీమలోని తెలుగిండ్లయందైనను, తీరపు పట్టణములయందైనను, ఎఱుగనివారము కాము. బాధకు హేతువు నడుగుట న్యాయమే. ఆ హేతువును రోగి శీలమునందే వెదకుట మాత్రము న్యాయము కాదు.

ఎముకల కొనలను గప్పియుండు మృదులాస్థికి రక్తనాళములు లేవు. రెండవ రకపు కొల్లాజెన్ అను మాంసకృత్తు దాని కల్లికయై బరువునకు తాళుకొనును. సూక్ష్మజీవులను సంహరింపవలసిన రక్షకకణములు కొందఱియందు స్వకీయములైన మాంసకృత్తులనే పరాయివిగా నెంచి, కీలుపొరలో జేరి, వాపు రగిల్చి, తుదకు మృదులాస్థిని, ఎముకను గూడ హరించును. 1977లో అమెరికా పరిశోధకులు ఈ కొల్లాజెనునే ఎలుకల కెక్కించి కీళ్ళవాపు గల్గించి చూపిరి. మనుష్యునియందు అది యొక్కటియే మూలమనరాదు. రసాయనికముగ మార్పుచెందిన యితర మాంసకృత్తులమీదను ప్రతిరక్షకములు పుట్టును, నొప్పి తొలిసారి తోచుటకు ఏండ్ల ముందే అవి రక్తమున నుండవచ్చును. అనగా రోగి నిశ్చింతగా నవ్వుచు తిరుగు దినములలోనే, అతడెఱుగకయే, అతని దేహమున నొక తీర్పు జరిగిపోయినది!

ఆ తీర్పునకు కర్త యెవడు? కర్మకు సంకల్పము ప్రాణము. ఈ కణములకు సంకల్పము లేదు. గీత ఆఱవ యధ్యాయమున ఆత్మయే ఆత్మకు శత్రువన్న మాటను ఇచట నన్వయించువారితో నేనేకీభవింపను. అది సంయమమును గూర్చినది, చేతనుని పని. వంశమును పొగాకును దోహదము చేయుట నిజమే; అయినను చుట్ట ముట్టనివారికి వచ్చుటయు, జీవితమంతయు అడ్డపొగ (చుట్ట నిప్పుకొనను నోటనుంచుకొని పీల్చుట) త్రాగినవారికి రాకుండుటయు గలదు. పూర్వజన్మవాదము ఋజువునకు లొంగదు. లొంగని నేరమునకు ఎదుటి మనిషిని దోషిని జేయుటకు మన కధికారమెక్కడిది?

రాయగడ మజ్జిగౌరికి మ్రొక్కువారిని నిందింపను; మ్రొక్కు మందున కడ్డుగాదు. అడ్డువచ్చునది పాపభావమే: శిక్షయని నమ్మినవాడు చికిత్సకు జంకును, కీలు చెడకముందే మందు మొదలిడవలసిన మాసములు జారిపోవును.

ఆ మందులలో ముఖ్యమైన మెతోట్రెక్సేటు, భీమవరమున 1895లో జన్మించి, యౌవనమున రామకృష్ణ మిషనునందు సన్న్యాసము గోరిన యెల్లాప్రగడ సుబ్బారావు నడిపిన, లెడర్లీ యను అమెరికా మందుల సంస్థలోని పరిశోధకబృందము క్యాన్సరు నిమిత్తము రూపొందించినది. ఆయన 1948లో గతించిన నలువది యేండ్లకు అమెరికాలో దానిని కీళ్ళవాతమునకు నంగీకరించిరి. వైద్యుని పర్యవేక్షణలో వారమున కొక్కమాఱే ఇత్తురు. ఆ మందువలని బాధలు తగ్గుటకు వేఱొక దినమున నిచ్చు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ నిర్మించినదియు ఆ బృందమే.