లోహితాస్యుడి వాటా

చిలకలూరిపేట పక్క మా ఊళ్లో మిరపకాయలు కళ్లాలకెక్కి, నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో ఓ నాటక సమాజం డేరా వేసేది. డేరాతో పాటు మా తరగతిలోకి ఓ పిల్లాడూ వచ్చేవాడు. పగలు నా పక్కన కూచుని ఎక్కాలు తప్పేవాడు. రాత్రి లోహితాస్యుడై పాము కరిచి చచ్చిపోయేవాడు. అమ్మలక్కలంతా కొంగులు కళ్లకద్దుకునేవారు. పొద్దున్నే బతికొచ్చి మళ్లీ ఎక్కాలు తప్పేవాడు.

వాడంటే నాకు చెప్పలేనంత అసూయ. వాళ్ల నాన్న హరిశ్చంద్రుడు, అమ్మ చంద్రమతి, బాబాయి నక్షత్రకుడు! మా నాన్నేమో ఎప్పుడూ మా నాన్నే.

ఇంటిల్లిపాదీ వేషం కట్టడమంటే సురభి వాళ్లే గుర్తుకొస్తారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సంప్రదాయం అది. వనారస గోవిందరావుగారు మూలపురుషుడు. ఆడవేషాలు మగవాళ్లు కట్టే రోజుల్లోనే ఆ ఇళ్ల ఆడవాళ్లు రంగమెక్కారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932)లో లీలావతి వేసిన సురభి కమలాబాయి ఆ గూటి పిట్టే.

సరే, మావాడి సంగతి. “నీకేంరా, రోజూ నాటకమే!” అన్నానోసారి. వాడు నా పలకకేసి చూసి, “నీకు పరీక్షల దాకా ఇదే బడి గదా?” అన్నాడు. నాకర్థం కాలేదు. పరీక్షలు రాకముందే డేరా లేచిపోయింది.

హరిశ్చంద్రుడి వ్రతం గొప్పదే, కాదనను. కాని అమ్మకానికి నిలబెట్టేటప్పుడు లోహితాస్యుణ్ణి ఎవరైనా ఓ మాట అడిగారా? కళాకారుల బిడ్డల సంగతీ అంతే. వ్రతం పెద్దలది, పస్తుల్లో వాటా పిల్లలది.

అలాగని తొందరపడి తీర్పు చెప్పకండి. మా నాన్న నన్నడిగి మిరపతోట వేశాడా? ధర పడిపోయిన ఏడు నా పండగ చొక్కా ఎగిరిపోయింది. ఏ బిడ్డా ఇల్లు ఎంచుకుని పుట్టడు. వాటా తప్పనప్పుడు అందులో ఏం పెట్టామన్నదే లెక్క. వాడికి పద్యం పెట్టారు, చప్పట్లు పెట్టారు. ఆటయ్యాక నాన్న భుజమ్మీద నిద్ర పెట్టారు. పెట్టనిదల్లా వద్దనే హక్కొక్కటే.

అది నాకూ పెట్టలేదు. పోనీ, నేను పెట్టానా? మా అబ్బాయి బొమ్మలు నేర్చుకుంటానన్న రోజున, “బొమ్మలు కూడు పెడతాయట్రా?” అన్నాను. వాడిప్పుడు బ్యాంకులో ఉన్నాడు. ఒక్క లెక్కా తప్పడట.

ఎందుకో, అదే నాకు దిగులు.