గురి యేది?



ఆపత్కాలమందు ఆట తగునా? ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. చావు జరిగిన వీధిలో పెండ్లి మేళము సయితము గొంతు తగ్గించుకొని పోవలెనని మన పెద్దలు నేర్పిరి. పొరుగింట ఏడ్పు వినబడుచుండగా మన యింట పాట పాడుకొనుట మర్యాద కాదని పల్లెలో పసివానికిని తెలియును. అట్లయితే ఒక వీధికి గాక దేశమంతటికి చావు భయము క్రమ్మినప్పుడు, ఒకడు తనకు నచ్చిన వినోదముతో ప్రొద్దు పుచ్చుట న్యాయమా, అన్యాయమా?

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై, పొడిగింపు మీద పొడిగింపుగా మే నెలాఖరు వరకు సాగినప్పుడు ఈ ప్రశ్న మన యిండ్లలోనికే వచ్చినది. ఎమ్మిగనూరు ప్రాంతమున ఒక విశ్వాసుల కుటుంబములోని పిల్లవాడు గాలి రైఫిల్‌తో గురి చూచుట నేర్చుకొనుచుండెను. బయటికి పోవు వీలు లేక, ఇంటి గోడ మీద నల్లని చుక్క పెట్టుకొని, గుండు లేని రైఫిల్‌తో దినమునకు గంటల తరబడి సాధన చేయుచుండెను. తాతగారు చూచి చూచి ఒకనాడు, "ఊరు ఊరే ఏడుస్తాంటే నీకు ఈ ఆట ఏందిరా నాయనా?" అనిరి. మనుమడు, "నేను ఎవురికేం చెరుపు చేసినాను తాతా? గోడ మీది చుక్కను చూస్తాండాను, అంతే గదా" అనెను. ఇద్దరును నా యొద్ద తీర్పు కోరిరి. ఇద్దరి మాటలోను సత్యము కలదు. ఏ ఒక్కరి మాటయు సంపూర్ణ సత్యము కాదు. కాబట్టి ఈ సంగతిని నిదానముగా విచారింతము.

ముందు ఈ క్రీడ యేమిటో తెలిసికొనవలెను. ఒలింపిక్ పోటీలలోని గాలి రైఫిల్ ఆటలో గురిపలక పది మీటర్ల దూరమున నుండును. దాని నడుమ పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే. ఆవగింజయే దానికంటె పెద్దది. నిలువబడి, 75 నిమిషములలో 60 గుండ్లు ఆ చుక్కకు కాల్చవలెను. గుండె కొట్టుకొనుట చేతనే గొట్టపు కొన కదలును. అందుచేత క్రీడాకారుడు ఊపిరి కొంత విడిచి, నిలిపి, గురి నెమ్మదించిన క్షణమున మీట నొక్కును. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా ఈ ఆటయందే బంగారు పతకము పొందెను. 2012లో లండనులో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యము పొందెను. 2024లో పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్ ఆటలో కాంస్యము తెచ్చిన స్వప్నిల్ కుసాలె రైల్వేలో టికెట్ కలెక్టరు పని చేసినవాడు.

2020లో జరుగవలసిన టోక్యో ఒలింపిక్ 2021కి వాయిదా పడెను. కాల్పుల మైదానములు మూతబడెను. అప్పుడు ఎందరో క్రీడాకారులు ఇంటిలోనే, గుండు లేకుండ, గోడ మీది చుక్కకు గురి పెట్టి సాధన చేసిరి. అట్టి సాధనలో కాగితమునకు రంధ్రము పడదు. మార్కులు వేయువాడు లేడు. చప్పట్లు కొట్టువాడు లేడు. మీట నొక్కిన క్షణమున తన గురి ఎక్కడ నుండెనో తానే చూచుకొని, తనకు తానే నిజము చెప్పుకొనవలెను. తనను తాను మోసగించుకొనువానికి ఆ సాధన వలన ఫలము లేదు.

ఇక మొదటి ఆక్షేపణ. తుపాకి చంపుటకు పుట్టిన వస్తువు గదా. దానితో ఆట యేమిటి?

కొడవలి కోతకు వచ్చును, కొట్లాటకును వచ్చును. మన ప్రాంతపు జొన్నచేలలో మంచె మీద నిలిచి పిట్టలను తోలుటకు త్రిప్పు వడిసెలయే దావీదు చేతిలో యుద్ధాయుధమాయెను. మన దేశమందు రైఫిల్ క్రీడా సంఘము 1951లో ఏర్పడినప్పుడు దానికి నాయకత్వము వహించినది లోక్‌సభ మొదటి స్పీకరైన జి.వి. మావలంకర్ గారు. ఆయన గాంధీగారి వెంట నడచి చెరసాలకు పోయినవాడు. అహింసను నమ్మిన పెద్దమనిషి ఈ క్రీడను చేరదీసెననగా, వస్తువునకును దాని వినియోగమునకును భేదము కలదని ఆయన యెరిగియుండవలెను.

అయినను తుపాకి తుపాకియే. చట్టము ఒక పరిమితికి లోబడిన గాలి తుపాకికి లైసెన్సు అడుగకపోయినను, దాని గుండు కంటిని పోగొట్టగలదు. పిట్టల మీదికిని, కుక్కల మీదికిని దానిని త్రిప్పు పిల్లవాని చేతినుండి తండ్రి వెంటనే దానిని తీసివేయవలెను. ఈ క్రీడలో మొదటి పాఠము గురి కాదు. గుండు ఉన్నను లేకున్నను గొట్టమును ఏ మనుష్యుని వైపునకును త్రిప్పకూడదనునదే మొదటి పాఠము. "ఖాళీదే గదా" యను మాట అక్కడ చెల్లదు.

సహోదరులారా, ఈ నియమము మన నోటికి ఉన్నయెడల ఎంత బాగుండును! ఆ యేప్రిల్ నెలను జ్ఞాపకము చేసికొనుడి. రాష్ట్రములో రోగులు ఎక్కువగా కనబడిన జిల్లాలలో మన కర్నూలు ఒకటి. ఢిల్లీలో మార్చి నెలలో జరిగిన ఒక మత సమావేశమునకు పోయి వచ్చినవారిలో కొందరికి రోగము కనబడగానే, ఢిల్లీ ముఖము ఎన్నడు చూడని ముస్లిము పొరుగువారి మీద కూడ నింద పడెను. తరతరములుగా ఒకే బజారులో బ్రతికిన వారియొద్ద కూరగాయలు, పండ్లు కొనుటకు జనులు భయపడిరి. సెల్‌ఫోనులో వచ్చిన కథలను, నిజమో కాదో విచారింపక, మరి పదిమందికి పంపిరి. గోడ మీది చుక్కకు గురి పెట్టిన పిల్లవాడు ఎవనిని గాయపరచలేదు. చేతిలో ఏ ఆయుధము లేని మనలో ఎందరు గాయపరచితిమి? నాలుక నిప్పువంటిదని అపొస్తలుడైన యాకోబు హెచ్చరించెను. గొట్టము ఎవరి వైపున కున్నదో చూచుకొనక మాట విడిచినవాడు, గుండు లేదనుకొని తుపాకి ప్రేల్చినవానివంటివాడే.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బరువైనది. తాతగారి మాట యిదే. ఇతరులు శ్రమపడుచుండగా నీకు ఆట యేల?

ఆ దినములలో మన ప్రాంతము పడిన బాధ మీరెరుగనిది కాదు. కోసిగి, మంత్రాలయము, ఆదోని పల్లెలనుండి ఏటేట పిల్లాజెల్లలతో సుగ్గికి పోవు కుటుంబములు గుంటూరు మిరప చేలయొద్ద చిక్కుకొనెను. కూలి లేదు, బస్సు లేదు, రైలు లేదు. పరాయి జిల్లాలో పట్టా గుడారముల క్రింద దినములు లెక్కించుకొనిరి. ఇంటియొద్ద మిగిలిన ముసలివారు వారికొరకు దారి చూచిరి. 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును నిలిపిన ఎమ్మిగనూరులో, మగ్గము ఆడనిదే కుండ కాగని యిండ్లు ఇప్పటికిని కలవు. ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు పండుగను గుడి తలుపులు తీయకయే, ఎవరింట వారు మోకరించి గడిపితిమి. ఇంటిపట్టున ఉండుట కొందరికి విశ్రాంతి; కొందరికి ఆకలి. ఈ భేదమును మరచినవాడు తన సుఖమునకు దేవునికి వందనములు చెప్పినను ఆ వందనము లోటైనదే.

అయితే ఆటయే పాపమందుమా? ఆమోసు ప్రవక్త తన కాలపు ధనవంతులను గద్దించినప్పుడు వారి మంచములను, విందులను, సంగీతమును పేర్కొనెను. కాని ఆయన చూపిన దోషము సంగీతము కాదు. దావీదును వాద్యములు చేయించినవాడే గదా! తమ జనులకు కలిగిన నాశనమును చూచి వారు దుఃఖపడకపోవుటయే వారి దోషము. పాట పాడిన నోరు తప్పు చేయలేదు, ఏడ్పు వినని చెవి తప్పు చేసెను. ఇదియే మనకు కొలత. దినమంతయు రోగుల లెక్కలను వినుచు, భయముతో మంచము పట్టినంత మాత్రమున పొరుగువానికి మేలు కలుగదు. ఒక గంట మనస్సును నిలుకడగా నుంచుకొనినవాడు మరు గంట వణకని చేతితో మందు అందింపగలడు. ఆట మన చెవిని మూసినయెడల అది పాపమునకు త్రోవ. మన చేతిని నిలిపినయెడల అది దేవుని యీవి.

ఏది యేదో తెలిసికొనుట యెట్లు? అందుకును ఈ క్రీడలోనే ఒక గురుతు కలదు. కాల్పుల మైదానమున నిర్వాహకుడు "ఆపుడి" యని ఆజ్ఞ యిచ్చిన క్షణమున ప్రతివాడు మీటనుండి వ్రేలు తీయవలెను. గురి ఎంత చక్కగా కుదిరినను సరే, ఇంకొక్క గుండు అనుటకు వీలు లేదు. మన వినోదములన్నిటికి ఈ పరీక్ష పెట్టుదము. తలుపు తట్టిన చప్పుడు వినబడినప్పుడు, పొరుగింటి అవ్వకు బియ్యము కావలసినప్పుడు, నీవు దానిని వెంటనే క్రింద పెట్టి లేవగలవా? లేవగలిగిన యెడల అది నీ ఆట. లేవలేని యెడల నీవే దాని ఆటవస్తువువు.

ఇప్పుడు వేదపఠనమునకు సంబంధించిన ఒక సంగతి. క్రొత్త నిబంధనలో పాపము అని మనము చదువు చోట గ్రీకు భాషలో 'హమార్తియ' అను మాట కలదు. దానికి మూలార్థము గురి తప్పుట. హెబ్రీ భాషలోని మాటకును అట్టి అర్థమే కలదు. న్యాయాధిపతుల గ్రంథము 20వ అధ్యాయములో బెన్యామీను గోత్రపు ఎడమచేతివాటము వారు ఏడువందలమంది కనబడుదురు. తలవెండ్రుకకు గురి పెట్టి వడిసెలతో రాయి విసరినను వారు తప్పిపోరట. అక్కడ తప్పిపోవుట అనుటకు వాడబడినది ఆ హెబ్రీ మాటయే.

ఆ యేడువందలమంది ఎవరి పక్షమున విసరిరి? గిబియాలో ఒక దిక్కులేని స్త్రీని రాత్రియంతయు చెరచి, ఆమె చావునకు కారకులైన దుర్మార్గులను అప్పగింపుమనగా, బెన్యామీనీయులు తమవారని వారిని కాపాడుటకు యుద్ధమునకు లేచిరి. ఆ యుద్ధములోనే ఈ నేర్పరులుండిరి. వారి రాయి గురి తప్పదు. వారి గోత్రము గురి తప్పెను. వెండ్రుకను కొట్టగల కన్నులకు ఆ యింటి గడప మీద పడియున్న స్త్రీ కనబడలేదు. నేర్పు వేరు, నీతి వేరు. గురి తప్పుట పాపమైనట్లే, తప్పుడు గురిని తప్పక కొట్టుటయు పాపమే. పిల్లలకు నేర్పు నేర్పి గురి నేర్పని తలిదండ్రులు, సంఘములు ఈ యధ్యాయమును తరచుగా చదువవలెను. మనవాడని దోషిని వెనుక వేసికొని వచ్చునప్పుడు మనమును ఆ యేడువందలలో ఒకరము.

చివరగా ఈ సాధనలోని రెండు మెలకువలు మన ఆత్మకు ఉపయోగించును. నేర్పరి కన్నులు మూసికొని, శరీరమును సడలించి, మరల తెరచి చూచును. గొట్టము చుక్కకు ప్రక్కగా నున్నయెడల చేతులతో బలవంతముగా త్రోయడు. త్రోసిన చేయి అలసి వెనుకకు పోవును. అతడు పాదములను జరుపుకొనును. మనలో అనేకులు జీవితమును ఆదివారమునాడు చేతులతో గురి వైపునకు త్రోయుదురు. సోమవారము అది మరల ప్రక్కకు పోవును. నిలిచిన చోటు మార్చుకొనుడి. త్రాగుబోతుల నడుమ నిలిచి త్రాగుడు మానుటకు ప్రయాసపడువాడు ముందు పాదములు జరుపవలెను. అప్పులవాని యెదుట ప్రతి వారము నిలుచువాడు ముందు ఖర్చు దారి మార్చవలెను.

రెండవది, గురి కుదరనప్పుడు నేర్పరి తొందరపడి మీట నొక్కడు. రైఫిల్ దించి, ఊపిరి పీల్చుకొని, మరల మొదలు పెట్టును. దించుట ఓటమి కాదు. కోపము వచ్చినప్పుడు మాటను దించుకొనుడి. నింద చేతికి వచ్చినప్పుడు సెల్‌ఫోనును దించుకొనుడి. విడిచిన గుండును వెనుకకు పిలుచుటకు ఎవరికిని శక్యము కాదు.

పౌలు భక్తుడు ఫిలిప్పీయులకు వ్రాయుచు తాను గురి యొద్దకు పరుగెత్తుచున్నానని చెప్పినప్పుడు చెరలో నుండెను. ఆయనకును తలుపులు మూయబడియే యుండెను. మూసిన తలుపు ఆయన గురిని మూయలేదు. మరల ఎప్పుడైన మన తలుపులు మూయబడినయెడల, యౌవనులారా, ఆడుకొనుడి, చదువుకొనుడి, చేతులను నేర్పరులుగా చేసికొనుడి. చెవులను మాత్రము వీధి వైపు తెరచి యుంచుడి. పెద్దలారా, పిల్లవాని ఆటను గద్దించుటకు ముందు వాని గురి యేదో అడుగుడి. అడిగినవారు తమ గురిని కూడ చూచుకొనుడి. ప్రభువు మన కన్నులను, పాదములను సరియైన గురి వైపు నిలుపును గాక. ఆమేన్.