వచ్చే ఏటి పాదానికి బూట్లు కొనకు

బిడ్డా,

మొన్న ఆదివారం మీ ఇంటికి వచ్చినప్పుడు చిన్నది నల్లా కాడ కాళ్లు కడుక్కుంటున్నది. నన్ను చూడంగనే కుడి కాలి వేళ్లు లోపలికి ముడుసుకున్నది. దగ్గరికి పోయి చూస్తే బొటనవేలి గోరు సగం నల్లబడ్డది. చీలమండ ఎముక మీద రూపాయి బిళ్లంత కమిలిన మచ్చ. "ఏమైంది?" అంటే "ఏం లేదు తాతా, బూటు" అన్నది. ఎంబడే "మమ్మీకి చెప్పకు" అన్నది. నువ్వూ అల్లుడూ వంటింట్ల స్కేటింగ్ బూట్ల ధర మాట్లాడుకుంటుంటే విన్నదట. దసరాకు కంపెనీ లాభాల వాటా వచ్చినంక చూద్దాం అనుకున్నరట గదా. పదేండ్ల పిల్ల, దసరా దాకా వేళ్లు ముడుసుకొనే ఆడాలని లెక్క కట్టుకున్నది.

చెప్పకు అన్నది గనక నీకు చెప్తలేను, రాస్తున్న.

కొత్త బూట్లు కొంటవని నాకు తెలుసు. ఎట్లాంటివి కొంటవో అదే నా భయం. రెండేండ్లు రావాలని రెండు సైజులు పెద్దవి తెచ్చి, ముందట దూది కుక్కుతవు. ఆ తెలివి నీకు నా నుంచే వచ్చింది. బొగ్గు బాయిల పనికి చేరిన కొత్తల బూట్ల సైజు అడిగితే, ఎనిమిది సరిపోయే కాలికి తొమ్మిది రాయించుకున్న. బట్ట కుట్టిచ్చినా చెప్పులు కొన్నా ఒక వేలు ఎక్కువుండాలె, రేపు తమ్ముడు తొడుక్కోవాలె అన్న ఇంట్ల పెరిగినోణ్ని. రెండు జతల సాక్సులు, మడమ కాడ పాత లుంగీ గుడ్డ. హాలేజీ రోడ్డు మీద స్లీపర్లు దాటుకుంటూ నడుస్తుంటే కాలు ఒక దిక్కు, బూటు ఒక దిక్కు. మూడో నెలల తడి నేల మీద మడమ లోపల జారి చీలమండ మడతబడ్డది. పదిహేను రోజులు మంచం మీద. తప్పు బూటుది కాదు, సైజు రాయించిన నాది.

నేను ఫిట్టర్‌నే గాని, టింబర్‌మన్‌లు కప్పుకు కర్రలు నిలబెట్టుడు ముప్పై ఏండ్లు చూసిన. ఎత్తు కొలిచి కర్ర కోస్తరు. పొట్టి కర్ర కింద నాలుగు చెక్కలు పేర్చినా నిలబడ్డట్టే కనబడతది. పైనుంచి బరువు దిగినప్పుడు మొదలు జారేది ఆ చెక్కలే. బూట్ల కుక్కిన దూది గూడ అంతే. చిన్నది ఇప్పుడు సాల్కౌ అనే జంప్ నేర్చుకుంటున్నది. గాల్ల తిరిగి, వెనక్కి పోతూ కుడి కాలొక్కదాని మీద దిగుతది. అప్పుడు ఆ చిన్న చీలమండ మీద పడేది దాని ఒంటి బరువు ఒక్కటే కాదు, దానికి కొన్ని రెట్లు.

ఇంకో సంగతి ఉన్నది, ఫిట్టర్‌గ నాకు బాగ నచ్చింది. 1863ల న్యూయార్క్‌ల ప్లింప్టన్ అనే ఆయన నాలుగు చక్రాల స్కేటు చేసిండు. అంతకు ముందటి స్కేట్లు సక్కగ పోవుడే గాని తిరుగుడు కష్టం. ఈయన చక్రాల ఇరుసులకు పైన రబ్బరు దిండు పెట్టిండు. కాలు ఏ దిక్కు ఒరిగితే చక్రాలు ఆ దిక్కు తిరుగుతయి. నేటికీ అదే సూత్రం. అంటే పాదం ఒరిగితే బూటు ఒరగాలె, బూటు ఒరిగితే దాని కింద చక్రాలు పట్టుకునే ప్లేటు ఒరగాలె. బూటు వదులుగ ఉంటే పాదం లోపల ఒరిగి ఊకుంటది, చక్రానికి కబురే అందది. పిల్ల తిరుగుతలేదని కోచ్ తిడుతడు. పిల్ల తనకు రాదనుకుంటది.

సైజు పెరిగే స్కేట్లు ఉంటయి గదా, మరను తిప్పితే సాగేటివి, అవి కొందామని అల్లుడు అన్నడట. నడక నేర్చేటప్పుడు అవి మంచియే. దుంకుడు మొదలైనంక పనికిరావు.

పాత బూట్లను నేను బల్ల మీద పెట్టి చూసిన. ఎడమది నిటారుగ నిలబడ్డది. కుడిది లోపలి దిక్కు ఒరిగింది, అది దిగే కాలు గదా. చీలమండ కాడ మడత అడ్డంగ లోతుగ పడ్డది, బొటనవేలు పెట్టి నొక్కితే తోలు మెత్తటి రొట్టె లెక్క మడుసుకున్నది. మన చౌరస్తాల చెప్పులు కుట్టే ఆయన చెయ్యి మంచిదే. ఊడిన కొక్కేలు వేస్తడు, నాలుక కింద స్పాంజి మారుస్తడు. కాని విరిగిన చీలమండ పట్టును ఎవ్వరు కుట్టలేరు. ఆ బూటు చిన్నదైంది ఒక్కటే కాదు, చచ్చిపోయింది గూడ. అందుకే దాన్ని ఎదురింటి పిల్లకు ఇయ్యకు. మంచి మనసుతో ఇచ్చినా చెడే జరుగుతది. హైదరాబాద్‌ల ఎవరన్నా సెకండ్‌హ్యాండ్ జత అమ్ముతున్నరంటే తీసుకోవచ్చు, సిగ్గు లేదు. ముందు ఇదే తీరుగ బల్ల మీద పెట్టి చూడు.

కొనేటప్పుడు దుకాణమోడు మాంచి గట్టి బూటు చూపెట్టి, పెద్ద ఆటగాళ్లు ఇదే వేస్తరంటడు. వద్దు. ముప్పై కిలోలు లేని పిల్లకు ఆ బూటు వంగది. బూటు వంగకుంటే మోకాలు వంగది, మోకాలు వంగకుంటే నడుము మీద పడతది. అది ఏ జంప్‌లు చేస్తున్నదో కోచ్‌ను అడిగి దానికి తగ్గ గట్టిదనమే తీసుకో. సైజు మామూలు చెప్పుల నంబరుతోని చెప్పకు. ఇటలీ బూట్లకు కొన్నిటికి సైజు ఎంఎంలల్ల ఉంటది, ఐదేసి ఎంఎంల తేడాతోని. నిలబడితే వేళ్ల కొసలు ముందట తాకీ తాకనట్టుండాలె, మోకాలు వంచితే వెనక్కి రావాలె. మడమ లేవొద్దు. ఎదుగుడుకని వదిలితే సగం సెంటీమీటరు, అంతే.

ఖర్చు సంగతి. జత మొత్తం మార్చుడు అవసరం లేదు బిడ్డా. బూటు వేరు, కింద ప్లేటు వేరు, బోల్టులు విప్పితే వస్తది. కొత్త బూటు ఒక సైజు పెద్దదైతే పాత ప్లేటే సరిపోవచ్చు. రెండు సైజులు దాటితే ఇరుసులు మడమకు దూరమై ప్లేటు చిన్నగైతది. ప్లేటు గూడ మార్చవలసి వస్తే కొనే ముందు నాకు ఫోన్ చెయ్యి. కొన్ని ప్లేట్ల ఇరుసు 7 ఎంఎం, కొన్నిటిది 8 ఎంఎం. తేడా ఉంటే పాత బేరింగులు ఎక్కవు, ఎనిమిది చక్రాలకు పదహారు బేరింగులు మళ్ల కొనాలె. ఇంకో మాట, ఆడపిల్లల పాదం పన్నెండు, పద్నాలుగేండ్ల నడుమ చాలామటుకు ఎదుగుడు ఆపుతది. ఈ బూట్ల ఖర్చు జన్మాంతం ఉండేది కాదు.

మీ అత్తగారు అన్నరట, ఐసు లేని ఊర్ల ఈ ఫిగర్ స్కేటింగ్ ఏంది అని. ఆమె అన్నదాంట్ల తప్పు లేదు, పెద్ద ఐసు రింక్ కావాలంటే డెహ్రాడూన్ పోవాలె. కాని చక్రాల మీద ఆడే ఆర్టిస్టిక్ స్కేటింగ్‌కు నున్నటి నేల చాలు. మన హైదరాబాద్ పిల్లగాడు అనూప్ కుమార్ యామా 2010ల గ్వాంగ్జౌ ఆసియా క్రీడలల్ల రెండు కాంస్యాలు తెచ్చింది ఈ ఆటలనే. ఒకటి ఒక్కడే ఆడి, ఒకటి అవనీ పంచాల్‌తోని జంటగ. 2015ల అర్జున అవార్డు గూడ వచ్చింది. ఈ సంగతి ఆమెకు మెల్లగ చెప్పు, వాదన పెట్టుకోకు.

కొత్తవి రాంగనే పోటీకి ఏసుకపోనియ్యకు. కనీసం మూడు, నాలుగు వారాలు ముందుండాలె. మొదలు ఇంట్లనే, టీవీ చూసేటప్పుడు తొడుక్కోని కూసోవాలె. తర్వాత రోజుకు ఇరవై నిమిషాలు ఉట్టిగ తిరగాలె. జంప్‌లు ఆఖరుకు. ఆట అయినంక లేసులు బాగ వదులు చేసి, నాలుక బయటికి గుంజి నీడకు ఆరబెట్టాలె. సంచిల మూసిపెడితే చెమటకు తోలు కుళ్లుతది.

ఈ ఆదివారం సాయంత్రం నేను వస్త. సాయంత్రమే ఎందుకంటే పొద్దంతా నడిచినంక పాదం కొంచెం ఉబ్బుతది, సరైన కొలత అప్పుడే. రెండు తెల్ల కాగితాలు, ఒక పెన్సిల్ తీసిపెట్టు. దాన్ని స్కేటింగ్ సాక్సులు తొడిగి, రెండు కాళ్ల మీద బరువు వేసి నిలబెట్టాలె. కూసోబెట్టి గీస్తే తక్కువ వస్తది. రెండు పాదాలు కొలిచి, పెద్దదాన్ని పట్టుకొనే కొనాలె.

అప్పటిదాకా దుంకనియ్యకు. గోరు సంగతి నీకు తెలువనట్టే ఉండు. ఆట ఎందుకు వద్దని అడిగితే, బొగ్గు దుమ్ము పట్టిన బేరింగులు కడుగుదామని తాత తీసుకపోయిండని చెప్పు. అబద్ధమేం కాదు. ఎనిమిది చక్రాలు మొన్ననే నా సంచిల ఏసుకొని యైటింక్లయిన్ కాలనీకి తెచ్చుకున్న. ఇప్పుడు వాటి బేరింగులు వరండాల కిరోసిన్ గిన్నెల నానుతున్నయి.

మీ బాపు